ఇంటా బయటా : బంతి ఎవరిది?

మనవాళ్ళకు సామెతలకేమీ కొదవ లేదు. కలిసి పనిచెయ్యటం గురించి అయితే రెండు పక్షాల ప్లీడర్లకూ సరిపడా వున్నాయి. "కలిసివుంటే కలదు సుఖం" అంటాం. ఆ నోటితోనే "మంది ఎక్కువైతే మజ్జిగ పలచన" అంటాం. "నలుగురితో నారాయణా" అని పిల్లలకు బుద్ధి చెబుతాం. మరునాడు "పదిమందిలో పాము చావదు" అని హెచ్చరిస్తాం. ఇందులో ఏది నిజమని ఎవరైనా నిలదీస్తే, "సమయాన్నిబట్టి" అని తప్పుకోవటం మనకు అలవాటు.

ఈ నెల ఈ సంగతి ఎత్తటానికి కారణం వుంది. సంఘం పిల్లల ఆటల పోటీలు దగ్గరపడుతున్నాయి. ఆదివారం పొద్దున మైదానం దగ్గర ఆడేవాళ్ళకన్నా గట్టున నిలబడి సలహాలిచ్చే పెద్దలే ఎక్కువగా కనిపిస్తున్నారు. పదకొండుమంది పిల్లలకు ఇరవై రెండుమంది సేనాధిపతులు! జట్టుగా ఆడటమంటే ఏమిటి, ఆటలో నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్న అక్కడ నిలబడితే ఎవరికైనా తోస్తుంది.

వాలీబాల్ చూసినవారందరికీ తెలిసిన దృశ్యం ఒకటి వుంది. బంతి సరిగ్గా ఇద్దరు ఆటగాళ్ళ మధ్యకు వస్తుంది. ఇద్దరూ సమర్థులే. విడిగా అయితే ఇద్దరూ కళ్ళు మూసుకుని తీయగల బంతే. కాని అతను తీస్తాడని ఇతనూ, ఇతను తీస్తాడని అతనూ చూస్తూ వుండగా అది చక్కా వచ్చి మధ్యలో పడుతుంది. "మీరు ముందు దయచెయ్యండి", "కాదు, మీరే ముందు" అనుకుంటూ రైలు పోగొట్టుకున్న మర్యాదస్తుల కథ లాంటిదన్నమాట. గట్టు మీంచి పెద్దలు "ఎవడో ఒకడు తియ్యండిరా!" అని కేకలేస్తారు. ఆ "ఎవడో ఒకడు" అన్న మాటలోనే జబ్బంతా వుంది. ఎవడో ఒకడి పని ఎవరి పనీ కాదు.

మన మజ్జిగ సామెతను ఒక ఫ్రెంచి ఇంజనీరు లెక్కకట్టి చూపాడు. ఆయన పేరు మాక్స్ రింగెల్‌మన్. వ్యవసాయ యంత్రాల మీద పనిచేసేవాడు. మనుషుల చేత తాడు లాగించి, ఒక్కడు లాగితే ఎంత బలం వస్తుంది, ఇద్దరు కలిస్తే ఎంత, ఎనిమిదిమంది కలిస్తే ఎంత అని కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో ప్రచురించాడు. మంది పెరిగేకొద్దీ తలా ఒక్కరి బలం తగ్గుతూ వచ్చింది. ఎనిమిదిమంది చేరేసరికి ఒక్కొక్కరి వంతు, విడిగా లాగిన దానిలో సగం కూడా మిగలలేదు. కారణాలు రెండు. అందరూ ఒకే క్షణాన లాగకపోవటం ఒకటి. పక్కవాడు లాగుతున్నాడుగదా అని మనసు కాస్త సడలటం రెండోది. మొదటిది పొందిక లేకపోవటం, రెండోది పూచీ లేకపోవటం. జట్టును తయారుచెయ్యటమంటే ఈ రెంటికీ మందు వెయ్యటమే. ఎనిమిదిమంది బలవంతుల్ని ఏరి తెచ్చినంతమాత్రాన పని కాదు.

పొందిక ఎంత పని చేస్తుందో చూడాలంటే మన బెంగుళూరుకు సంబంధించిన కథే వుంది. ఈ ఊరికి ఫుట్‌బాల్ పాత చుట్టం. 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు బొంబాయి వెళ్ళి, అంతవరకూ పటాలాల సొత్తుగా వున్న రోవర్స్ కప్పును పట్టుకొచ్చింది. మరుసటి యేడూ గెలిచింది. ఆ గాలిలో పెరిగినవాడే అహ్మద్ ఖాన్. 1948లో లండన్ ఒలింపిక్సుకూ, 1952లో హెల్సింకీకీ వెళ్ళిన ఈ బెంగుళూరు మనిషి, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరాడు. అక్కడ ముందువరసలో ఐదుగురు: కుడి అంచున వెంకటేశ్, ఆ పక్కన అప్పారావు, మధ్యన ధనరాజ్, ఎడమవైపు అహ్మద్ ఖాన్, ఆ అంచున సాలే. ఐదుగురూ దక్షిణాదివారే. అప్పారావు మనవాడని పేరే చెబుతుంది. బెంగాలీలు వీరికి పెట్టుకున్న పేరు "పంచపాండవులు". 1949లో కలకత్తా లీగు, ఐ.ఎఫ్.ఎ. షీల్డు, రోవర్స్ కప్పు మూడూ ఆ జట్టే గెలిచింది. షీల్డు 1950, 51లలో కూడా వారిదే.

ఆ పేరు ఊరికే పెట్టలేదనిపిస్తుంది. పాండవులు ఐదుగురూ ఒక్కలాంటివాళ్ళు కారు. గద పట్టేవాడు వేరు, విల్లు పట్టేవాడు వేరు. ఎవరి విద్య వారిదిగా వుంటూనే, ఒకరి అవసరం ఒకరికి చెప్పకుండా తెలియటమే వారి బలం. ముందువరసలో ఐదుగురూ ధర్మరాజులైతే గోలు కొట్టేవాడుండడు. ఐదుగురూ భీములైతే బంతి ఎవరి కాలినీ వదలదు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరు?

ఈ "చెప్పకుండా తెలియటం" దైవదత్తమని మనలో చాలామంది అనుకుంటారు. కాదు, నేర్పితే వచ్చేదే అని చూపినాయన హైదరాబాదులో వుండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తికి బడిపంతులు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు ఆయన కోచ్‌గా వున్న కాలంలోనే 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మనవాళ్ళు నాలుగో స్థానందాకా పోయారు.

ఈ పంతులుగారి పద్ధతిలో నాకు నచ్చినది ఒకటి వుంది. బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోవటాన్ని డ్రిబ్లింగ్ అంటారుగదా, చూసేవాళ్ళకు అదే ముచ్చట. రహీమ్‌గారు ఆ డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు నడిపించారు. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలని నియమం పెట్టారు. ఇందులోని కిటుకు గమనించండి. "ఒరే, బంతి పక్కవాడికి ఇవ్వరా" అని వెయ్యిసార్లు చెప్పటం ఒక పద్ధతి. ఇవ్వకపోతే ఆటే సాగకుండా నియమం మార్చెయ్యటం ఇంకో పద్ధతి. డ్రిబ్లింగ్ కూడదన్నప్పుడు బంతి వచ్చేలోపలే తల ఎత్తి, మనవాళ్ళెక్కడ వున్నారో చూసుకోవాలి. బంతి లేనివాడు కూడా నిలబడి వేడుక చూడటానికి వీల్లేదు. అందుకోవటానికి చోటు వెతుక్కోవాలి. పది ఉపన్యాసాలకు రాని బుద్ధి ఒక్క నియమం చేత వస్తుంది. పంతులుగారు నిర్ణయం తాను చెయ్యలేదు. నిర్ణయం చెయ్యక తప్పని స్థితిలో కుర్రవాళ్ళను నిలబెట్టారు.

దాని ఫలం 1962లో జకార్తాలో కనిపించింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోళ్ళతో ఓడిపోయాం. తరవాత జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయన వెనకవరసలో గోడలాంటివాడు. రహీమ్ ఆయన్ను కూర్చోబెట్టలేదు. కాపలా పని నుంచి తీసి, గోలు కొట్టేచోట ముందు నిలబెట్టాడు. సెప్టెంబరు 4న ఫైనలులో మళ్ళీ అదే దక్షిణ కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నయిల్ సింగ్ ఒక గోలు. 2-1తో స్వర్ణం మనది. జర్నయిల్ ముందుకు పోయాడంటే వెనక ఖాళీ అయిన చోటును అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ నిలబెట్టుకున్నారన్నమాట. ఆ పదకొండుమందిలో మన సికిందరాబాదు బలరామ్, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ వున్నారు. పంజాబీ, బెంగాలీ, మలయాళీ, హైదరాబాదీ: ఇళ్ళల్లో మాట్లాడే భాషలు ఎన్నో. మైదానంలో భాష ఒక్కటే. రహీమ్ అప్పటికే జబ్బుమనిషి. మరుసటి యేడు, 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. జర్నయిల్‌ను ముందుకు పంపింది రహీమ్ ఒక్కడేగదా, ఇందులో అందరి నిర్ణయం ఎక్కడుంది? సరి అయిన ప్రశ్నే. నేను గుమాస్తాను, బంతితో కన్న ఫైలుతో నాకు పరిచయం ఎక్కువ. ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు పోతుంది. ప్రతివారూ "పైవారి ఉత్తర్వుల కొరకు" అని రాసి పంపుతారు. ఎవరి తప్పూ వుండదు, పనీ జరగదు. ఫైలు ఆగుతుంది గనక ఆఫీసులు బతికిపోతున్నాయి. బంతి ఆగదు. అది కాలి దగ్గరికి వచ్చిన అరక్షణంలో పైవారి ఉత్తర్వు తెచ్చుకోవటం బ్రహ్మతరం కాదు. అందుచేత ఎవరు ఎక్కడ నిలబడాలన్నది కోచ్ చెప్పవచ్చు. ఆ తరవాత వచ్చే వందల నిర్ణయాలు మాత్రం ఆడేవాళ్ళవే.

అయితే వందల నిర్ణయాలూ అందరూ కూడి చెయ్యాలా? చేస్తే పాము చావదు. దీనికి జవాబు మన చెడుగుడులోనే వుంది. కూత పెడుతూ ఎదుటివాడు వస్తాడు. ఇవతల ఏడుగురు చేతులు పట్టుకుని అర్ధచంద్రంగా కదులుతూ వుంటారు. ఎవడి కాలు ఎవడు పట్టాలి, మూలకు తరిమితే ఎవరు మూసెయ్యాలి అన్నది ముందే మాట్లాడుకుని వుంటారు. అది అందరి నిర్ణయం. కాని సమయం వచ్చినప్పుడు చీలమండ దొరికినవాడు ఒక్కడే. పట్టాలా, వదలాలా అన్నది ఆ ఒక్కడి నిర్ణయం. అతడు పట్టాడా, "వీడు తొందరపడ్డాడే" అని తక్కిన ఆరుగురూ ఆలోచిస్తూ నిలబడితే అతని పని ఆఖరు. మంచో చెడో, పట్టిన మరుక్షణం అందరూ మీద పడాలి. తప్పైతే ఆట అయినాక మాట్లాడుకోవచ్చు.

చెప్పొచ్చేదేమిటంటే, నిర్ణయం ఆటకు ముందు అందరిది, ఆటలో దగ్గరున్నవాడిది, ఆట తరవాత మళ్ళీ అందరిది. ఈ మూడు మెట్లూ తెలిసిన జట్టులో మజ్జిగ పలచన కాదు. మన సామెతలు రెండు వైపులా మాట్లాడటానికి కారణం కూడా ఇదే. అవి వేరువేరు మెట్ల గురించి చెప్పిన మాటలు.

మొన్నమొన్నటి ఉదాహరణ ఒకటి చెబుతాను. మన హాకీ జట్లు ఏళ్ళ తరబడి శిక్షణ పొందుతున్నది ఇక్కడే, బెంగుళూరులోని స్పోర్ట్స్ అథారిటీ ఆవరణలో. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు పురుషుల జట్టూ, స్త్రీల జట్టూ రెండూ ఆ ప్రహరీ లోపలే చిక్కుపడి నెలల తరబడి కలిసి గడిపాయి. 2021లో టోక్యోలో పురుషులు 1-3తో వెనకపడి కూడా జర్మనీని 5-4తో ఓడించి కాంస్యం తెచ్చారు. స్త్రీలు మొదటి మూడు ఆటలూ వరసగా ఓడి, అక్కడినుంచి లేచి, ఆస్ట్రేలియాను ఓడించి నాలుగో స్థానందాకా పోయారు. కలిసి అన్నం తిన్నంతమాత్రాన గోళ్ళు పడతాయని నేననటం లేదు. పక్కవాడి అడుగు చప్పుడు పోల్చుకునేంత పరిచయం ఒక్క వారంలో రాదని మాత్రం అంటున్నాను.

అసలు పరీక్ష 2024 ఆగస్టు 4న పారిస్‌లో వచ్చింది. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్. అరవై నిమిషాల ఆటలో పదిహేడో నిమిషానికే అమిత్ రోహిదాస్‌కు ఎర్రకార్డు చూపి బయటికి పంపేశారు. వెనకవరసలో ముఖ్యుడు అతను. మిగిలిన నలభైమూడు నిమిషాలు పదిమందే ఆడాలి. కొద్ది నిమిషాలకు హర్మన్‌ప్రీత్ సింగ్ గోలు కొట్టాడు, బ్రిటన్ సరిచేసింది. ఆ తరవాత ఆట ముగిసేదాకా ఆ పదిమందీ ఇంకో గోలు పడనివ్వలేదు. షూటవుట్‌లో 4-2తో గెలిచారు. పోయినవాడి చోటు ఒక్కడితో పూడదు. దాన్ని పదిమందీ తలా కాస్త పంచుకుని పూడ్చాలి. ఏ క్షణాన ఎవరు ఎంత జరగాలో బయటినుంచి కోచ్ చెప్పి జరిగించటం కాని పని. వెనక నుంచి ఆటంతా కనిపించే గోల్‌కీపరు శ్రీజేశ్ లాంటివాడి కేక ఒకటి, మిగతావాళ్ళ కళ్ళు, కాళ్ళు. పెద్దకొడుకు మంచానపడితే ఇంట్లో మిగిలినవాళ్ళు ఎవరూ చెప్పకుండానే తలా ఒక పని అందుకుంటారు చూడండి, అలాంటిదే. అలా అందుకోని ఇళ్ళూ వుంటాయి.

కోచ్ తన పెత్తనం తగ్గించుకోవటం ఎంత కష్టమో న్యూజిలాండు రగ్బీ జట్టు చరిత్ర చెబుతుంది. 2004లో పెద్ద పోటీలో దెబ్బతిన్నాక కోచ్ గ్రాహమ్ హెన్రీ, ఆటగాళ్ళలోంచే కొందరిని నాయకబృందంగా చేసి, జట్టు నడపటంలో వాళ్ళకు భాగం ఇచ్చాడు. ఆటకు ముందు తానిచ్చే ప్రసంగం కూడా మానుకున్నాడు. ఫలితం మరునాడే వచ్చిందా? లేదు. 2007 ప్రపంచకప్పులో క్వార్టర్ ఫైనలులోనే ఫ్రాన్సు చేతిలో ఓడిపోయారు. దేశమంతా తిట్టిపోసింది. అయినా పద్ధతి విడవలేదు. 2011లో అదే ఫ్రాన్సును ఒక్క పాయింటు తేడాతో, 8-7తో ఓడించి కప్పు గెలిచారు. ఆ ఆటలో గెలుపు పాయింట్లు తెచ్చిన స్టీఫెన్ డొనాల్డ్, ఆ స్థానంలో ముందున్న ముగ్గురూ గాయపడ్డాక మైదానంలోకి దిగినవాడు. ఏడేళ్ళు పట్టింది. మనం ఏడు ఆదివారాలు కూడా ఓపిక పట్టం.

"పిల్లలకేం తెలుసండీ, చెప్పకపోతే ఎలా?" అంటారు పెద్దలు. చెప్పవద్దని ఎవరన్నారు? ఎప్పుడు చెప్పాలన్నదే ప్రశ్న. ఆట నడుస్తున్నప్పుడు గట్టు మీంచి "ఇటు తన్ను, అటు పరుగెత్తు" అని ఆరుగురు ఆరు దిక్కులు చెబితే కుర్రవాడు బంతిని చూడాలా, నాన్న మొహం చూడాలా? నాన్న మొహం చూడటానికి అలవాటుపడిన పిల్లవాడు పక్కవాణ్ణి చూడటం మానేస్తాడు. జట్టు అక్కడ విరుగుతుంది.

పిల్లల్ని ఆడించే మన యువకులకు పనికివచ్చే చిట్కాలు కొన్ని చెబుతాను. ఖర్చు లేనివి. పదకొండుమందిని ఒకేసారి వదలకుండా, చిన్న చోటులో ముగ్గురికి ముగ్గురు చొప్పున ఆడించండి. బంతి తరచు వస్తుంది, దాక్కోవటానికి చోటుండదు. పది నిమిషాలు డ్రిబ్లింగ్ లేకుండా ఆడించండి. ఒక పది నిమిషాలు మీరు నోరు మెదపకండి. పిల్లలు తమలో తాము మాట్లాడుకోవటం అప్పుడే మొదలవుతుంది. వారానికొకసారి స్థానాలు మార్చండి. వెనక నిలబడి చూస్తేగాని ముందువాడి కష్టం తెలియదు. ఆట అయినాక గుండ్రంగా కూర్చోబెట్టి, "ఎందుకలా చేశావు?" అనకుండా "ఆ క్షణంలో నీకు ఏం కనిపించింది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు సంజాయిషీ వస్తుంది. రెండోదానికి నిజం వస్తుంది. ఆ చెప్పేటప్పుడు అందరికన్న చిన్నవాడితో మొదలుపెట్టండి. పెద్దవాడు ముందు చెబితే తక్కినవారంతా నారాయణా అంటారు.

ఇంకొకటి మన ఊరికి ప్రత్యేకం. మన పిల్లలు ఆడే జట్లలో తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. ఒకడు "నాది" అంటాడు, ఇంకొకడు "నందు" అంటాడు, మూడోవాడు ఏమీ అనడు. బంతి కింద పడుతుంది. ఆటకు ముందే రెండు మాటలు ఖాయం చేసుకోవాలి: తీసుకుంటున్నానని చెప్పటానికి ఒకటి, వదిలెయ్యమని చెప్పటానికి ఒకటి. ఏ భాష అయినా సరే, పొట్టిగా వుండాలి, అందరూ ఒప్పుకోవాలి. కన్నడంవారి "బిడు" మాట మనవాళ్ళకూ తెలిసిందే. అది పెట్టుకున్నా మన తెలుగుకు వచ్చే లోటేమీ లేదు.

ఇదంతా ఒక కప్పు కోసమా అంటే, కాదు. మన ఇళ్ళల్లో ఈ ఊరికి వచ్చి రెండు మూడు తరాలైనవారే ఎక్కువ. పిల్లలు బాగా చదువుతున్నారు. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఏ ఉద్యోగం అన్నది చాలా ఇళ్ళల్లో పెద్దలే తేలుస్తున్నారు. ఆ పిల్లలే ఇరవై రెండేళ్ళకు ఉద్యోగంలో చేరి, నలుగురితో కలిసి ఒక పని నడపమంటే తెల్లమొహం వేస్తే తప్పు ఎవరిది? నిర్ణయం చేసి చూడటం, అది తప్పితే నలుగురిలో ఒప్పుకోవటం, పక్కవాడిది తప్పితే నెత్తిన రుద్దకుండా భుజం ఇవ్వటం, ఇవి పుస్తకంలో రావు. ఆడపిల్లలకైతే ఈ అవకాశం ఇంకా తక్కువ. వాళ్ళను తొమ్మిదో తరగతి రాగానే మైదానం నుంచి పిలిపించేసే ఇళ్ళు మనలో లేకపోలేదు.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. చెడుగుడులో చీలమండ పట్టి తప్పిపోయిన కుర్రవాణ్ణి అందరి ముందూ తిడితే, మరుసటిసారి వాడు పట్టడు. చేతులు కట్టుకుని, "ఎవడో ఒకడు" పడతాడని చూస్తాడు. అలాంటివాళ్ళు ఏడుగురు తయారైతే దాన్ని జట్టు అనరు.

అందుచేత ఈ యేటి పోటీలకు నాదొక మనవి. నాయకుణ్ణి పిల్లలే ఎన్నుకోనివ్వండి. ఎవరు ఎక్కడ ఆడాలన్నది కోచ్‌తో కూర్చుని వాళ్ళే తేల్చుకోనివ్వండి. గట్టున నిలబడే పెద్దలు చప్పట్లు ఎన్నైనా కొట్టవచ్చు, ఉత్తర్వులు మాత్రం ఇవ్వకూడదు. ఓడితే ఇంటికి వచ్చేదాకా ఎవరినీ ఏమీ అనకూడదు. ఇంటికి వచ్చాక కూడా ముందు అన్నం పెట్టాలి. ఆ తరవాత అడగండి, ఏం కనిపించిందని. పాఠకుల్లో ఆటలాడినవారు, ఆడించినవారు వుంటే, వారి జట్లలో నిర్ణయాలు ఎలా జరిగేవో రాసి పంపితే వచ్చే నెల ఈ పుటలోనే అందరితో పంచుకుందాం.